గట్టు దాటిన లెక్క



రొయ్యల చెరువులో రోజుకు నాలుగైదుసార్లు మేత వేస్తారు. వేసిన గంటా రెండు గంటలకు నీళ్లలోకి దించిన చెక్ ట్రేను పైకి లాగి చూస్తారు. ట్రేలో మేత మిగిలితే తరవాతి పూట తగ్గిస్తారు, తుడిచిపెట్టినట్టు ఖాళీ అయితే కాస్త పెంచుతారు. ట్రేలో చిక్కిన రొయ్యను రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తితే, గాజులాంటి పెంకులోంచి వీపు పొడవునా పేగు ముదురు రంగు గీతలా తెగకుండా కనబడాలి. ఆ గీత మధ్యమధ్య తెగినా, తెల్లగా పాలిపోయినా ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. రాత్రంతా ఏరేటర్ల రెక్కలు నీటిని చిలుకుతూనే ఉండాలి. నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయే తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటర్ మొరాయించిందంటే మూడు నెలల పెట్టుబడి నీటి మీద తేలుతుంది. మేతను గ్రాముల్లో, ఉప్పదనాన్ని పాళ్లలో, రొయ్యను కౌంట్‌లో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కలో, పూటపూటకూ కొలిచే సాగు ఇది. ఇంత జాగ్రత్తగా లెక్క చూసుకునే వ్యవసాయం మన నేల మీద అరుదు. కాని ఆ లెక్కంతా చెరువు గట్టు దగ్గరే ఆగిపోతుంది. గట్టుకు అవతల పక్క చేనిలోకి ఊరిన ఉప్పు, మురుగు కాలువలోకి వదిలిన నీరు, ఊరి బావిలో మారిన రుచి ఏ రైతు పుస్తకంలోనూ, ఏ ఎగుమతి పట్టికలోనూ ఖర్చు కింద ఎక్కవు. తిండి పండించే కొత్త పద్ధతి ఏది వచ్చినా దాని లాభనష్టాలను ఎక్కడిదాకా లెక్కవెయ్యాలన్నదే ఈ ప్రసంగంలో నా ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి మన కోస్తా చెరువుల కంటే తగిన చోటు నాకు కనిపించలేదు.

ముందు ఈ సాగు సాధించినదాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 2022లో, చరిత్రలో మొదటిసారి, వేటలో పట్టిన చేపలూ రొయ్యల కంటే పెంచినవి ఎక్కువయ్యాయి. ఆ ఏడాది పెంపకం దిగుబడి 9.44 కోట్ల టన్నులు. నీటిని గాలించి తెచ్చుకునే తిండి కాస్తా పొలంలో పంటలా పండించుకునే తిండి అయింది. ఆ మార్పులో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. దేశంలో వచ్చే చేపల దిగుబడిలో దాదాపు 30 శాతం ఈ ఒక్క రాష్ట్రానిదే. సాగు రొయ్యల్లోనైతే మూడింట రెండు వంతులకు పైగా ఇక్కడివే. 2024-25లో భారతదేశం దాదాపు 17 లక్షల టన్నుల మత్స్య ఉత్పత్తులను ఎగుమతి చేసి 62 వేల కోట్ల రూపాయలకు పైగా ఆర్జించింది. అందులో సింహభాగం గడ్డకట్టించి పంపిన రొయ్యది. భీమవరం, ఆకివీడు, కైకలూరు, నెల్లూరు చుట్టుపక్కల మేత దుకాణాలు, ఐసు ఫ్యాక్టరీలు, ప్రాసెసింగ్ షెడ్లు, లారీలు, వీటిని నమ్ముకుని బతికే వేల కుటుంబాలు అన్నీ ఈ నీళ్లలోంచి పుట్టినవే. పిల్లల ఇంజనీరింగ్ ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, పెంకుటింటి స్థానంలో లేచిన డాబాలు ఈ పట్టుబడుల మీద నడిచాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడితే నా వాదన అక్కడే ఓడిపోతుంది.

1990ల మొదట్లో ఇక్కడ పెంచింది టైగర్ రొయ్య. అది మన సముద్రపు రొయ్యే. పిల్ల కోసం తల్లి రొయ్యల్ని కడలిలోంచే పట్టుకొచ్చేవారు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా పొడవునా చెరువుల్ని ఊడ్చిపెట్టింది. సముద్రం నుంచి తెచ్చిన తల్లిలోనే వైరస్ ఉంటే హేచరీని ఎంత శుభ్రంగా ఉంచినా అది పిల్లలోకి దిగుతుంది. ఆ తరవాత పదిహేనేళ్లు రైతులు ఆ రోగంతో జూదమాడినట్టే సాగు చేశారు. 2009లో ప్రభుత్వం వనామీకి తలుపు తెరిచింది. ఆ రొయ్య పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రానికి ఆ ఒడ్డున, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న తీరం. తరాల తరబడి ట్యాంకుల్లోనే పెంచి, ఫలానా రోగాలు లేవని ధ్రువీకరించిన తల్లి రొయ్యల్ని విమానాల్లో తెప్పించి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇచ్చే ఏర్పాటు జరిగింది. రోగాన్ని చెరువులో కాక తల్లి దగ్గరే ఆపాలన్న ఆలోచన నిజమైన ఆవిష్కరణ. పైగా వనామీ చెరువు అడుగునే పడి ఉండదు, నీటి నిలువెల్లా ఈదుతుంది. అందుకే చదరపు మీటరుకు అరవై పిల్లల దాకా వెయ్యడానికి నిబంధనలు ఒప్పుకున్నాయి. టైగర్ కంటే మాంసకృత్తులు తక్కువున్న మేతతోనే ఎదుగుతుంది. అన్నిటినీ మించిన గుణం ఇంకొకటుంది. సముద్రమంత ఉప్పునీటిలోనూ బతుకుతుంది, నాలుకకు దాదాపు మంచినీళ్లే అనిపించే నీటిలోనూ బతుకుతుంది.

ఈ ఆఖరి గుణం దగ్గర కొంచెం ఆగాలి. టైగర్ కాలంలో రొయ్యల సాగు చాలావరకు సముద్రపు పాయల పక్కన, ఉప్పుటేర్ల వెంబడి ఉండేది. వనామీ వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది. వెయ్యికి రెండు మూడు పాళ్ల ఉప్పదనం చాలు గనక లోతుగా బోరు వేస్తే సరిపోయింది, డెల్టాలో చాలాచోట్ల లోతుకు వెళితే తగిలేది ఉప్పునీరే. అది చాలని చోట లవణాల బస్తాలు గట్టు ఎక్కాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి గోదావరి తీపి నీరు ఏడాదికేడాది తడిపి, కడిగి, ఉప్పును కిందికి తొక్కిపెట్టిన నేల అది. ఆ ఉప్పును మనమే మోటారు పెట్టి పైకి తోడి చేల మధ్య నిలవ చేశాం. ఏ గుణం వల్ల వనామీ రైతును ఒడ్డున పడేసిందో ఆ గుణమే ఉప్పును వరిచేను దాకా నడిపించింది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. రైతు తన చెరువు లెక్క సరిగానే చూసుకున్నాడు, శాస్త్రజ్ఞుడు తన రొయ్య లెక్క సరిగానే చూసుకున్నాడు. పక్క చేను లెక్క చూడాల్సిన మనిషే ఎక్కడా లేడు.

రెండు చెరువుల మధ్య మిగిలిపోయిన ఎకరం వరిచేనును చూడండి. చెరువులో నీరు నాలుగైదు అడుగుల ఎత్తున, చేను కంటే పైమట్టంలో నిలబడి ఉంటుంది. గట్టు ఎంత బిగించినా ఆ నీరు ఊరక మానదు. మొదట గట్టు వెంబడి రెండు మూడు బారల మేర వరి పీలగా, ఆకుల కొసలు ఎండి కనిపిస్తుంది. తరవాతి ఏడు మడి ఆరినచోట తెల్లటి పొర తేలుతుంది. ఎరువు ఎంత వేసినా పిలకలు రావు. ఆ పైయేడు ఆ రైతు తన చేనును కూడా చెరువుకు లీజుకిస్తాడు. కాగితాల మీద అది ఆయన ఇష్టపడి చేసిన మార్పిడి. వరి కౌలు కంటే చెరువు లీజు ఎక్కువ కాబట్టి ఆయన లాభపడ్డట్టు కూడా లెక్క. ఆ చేనును కౌలుకు చేసుకునే మనిషి, అందులో నాట్లు వేసి కలుపు తీసే ఆడవాళ్లు ఆ లెక్కలో ఉండరు. చెరువు దగ్గర మేత వేసి కాపలా కాసే ఒకరిద్దరు మగవాళ్లు చాలు. ఆడవాళ్లకు మిగిలింది రొయ్య తలలు తీసి, పెంకు ఒలిచే షెడ్డు. మంచునీళ్లలో తడిసిన చేతులతో గంటల తరబడి నిలబడితే కిలోల లెక్కన కూలి. అదీ ఆదాయమే, కొందరికి నాట్ల కూలి కంటే మెరుగైన ఆదాయం కూడా. అయితే ఈ మార్పు కావాలా వద్దా అని వాళ్లను ఏ గ్రామసభలోనూ ఎవరూ అడిగింది లేదు.

డెల్టాను కట్టినవాళ్లు నీటికి రెండు దారులు వేశారు. పంట కాలువ తెస్తుంది, మురుగు కాలువ తీసుకుపోతుంది. చెరువులు వచ్చాక శివారు భూముల్లో ఆ రెండు దారులూ చాలాచోట్ల ఒకటైపోయాయి. పై చెరువు వదిలిన నీటినే కింది చెరువు మోటారు పెట్టి లాక్కుంటుంది. పట్టుబడి అయ్యాక వదిలే నీటిలో మిగిలిన మేత, రొయ్యల విసర్జన, అడుగు బురద, వేసిన మందులు ఉంటాయి. రోగం ఉంటే రోగమూ ఉంటుంది. తెల్లమచ్చ సోకిన చెరువు నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి, కొన్నాళ్లు ఆపి వదలాలని శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. పీకల దాకా అప్పులో ఉన్న రైతు రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తే ఆపేవాడు లేడు. తెల్లారేసరికి ఆ నీరు కింది రైతు మోటారు నోట్లో ఉంటుంది. తరవాతి కాలంలో వచ్చిన ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. నూరు రోజులు మేపినా కౌంట్ దిగదు, మేత ఖర్చు మాత్రం పెరుగుతుంది. దానికి మందు లేదు. మందు లేని చోట రైతు భయంతో దొరికిన మందల్లా పోస్తాడు. ఆ యాంటీబయాటిక్ ఆనవాళ్లు రొయ్యలో దొరుకుతున్నాయనే 2016 నుంచి ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల సరుకులో సగానికి సగం పరీక్షించాలని పట్టుబట్టింది. అంటే గట్టు దాటిన ఖర్చు కాలువ వెంట తిరిగి, సముద్రం దాటి, చివరికి ధర రూపంలో అదే గట్టు మీదికి వచ్చింది.

మరి చట్టం ఏం చూస్తోంది? తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ మొదటి మార్గదర్శకాలు ఐదు హెక్టార్లు దాటిన చెరువులకే మురుగునీటి శుద్ధి ఏర్పాటును తప్పనిసరి చేశాయి. మన చెరువుల్లో అత్యధిక భాగం రెండు హెక్టార్ల లోపువి. ఒక్కొక్కటీ చిన్నదే, కనుక ఒక్కొక్కదానికీ మినహాయింపే. అవే చెరువులు ఒక మురుగు కాలువకు రెండు వైపులా వరసగా కూర్చుంటే వందల హెక్టార్ల ఒకే చెరువు కింద లెక్క. చిన్న రైతును కాపాడాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన ఆ మినహాయింపు, చివరి చిన్న రైతును మిగతా చిన్న రైతులందరి మురుగు కింద కూర్చోబెట్టింది.

గట్టు దాటిన లెక్క వెయ్యడానికి ముప్పై ఏళ్ల కిందట ఒక గట్టి ప్రయత్నం జరిగింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. కోర్టు కోరిన మీదట నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, మనం నీరి అని పిలిచే సంస్థ, తీరంలో తిరిగి చూసి, రొయ్యల సాగు వల్ల ఆంధ్రలో జరిగే నష్టం దాని ఆదాయానికి దాదాపు నాలుగింతలు, తమిళనాడులో ఒకటిన్నర రెట్లు అని అంచనా కట్టింది. అటుపోట్ల గీతకు 500 మీటర్ల లోపున్న చెరువుల్ని తొలగించాలని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం పూర్తిగా అమలుకాలేదు. 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఆ దూరాన్ని 200 మీటర్లకు కుదించింది. నీరి అంచనా మీద పరిశ్రమవాళ్లు అభ్యంతరాలు చెప్పారు. అలాంటి లెక్కల్లో మడ అడవికి ఎంత, తాగునీటికి ఎంత, పోయిన కూలికి ఎంత అని విలువ కట్టే తీరును బట్టి ఫలితం మారుతుందన్నది నిజమే. నాలుగింతలు కాక రెండింతలే అని ఎవరైనా నిరూపిస్తే నేను ఒప్పుకుంటాను. నా బాధ వేరు. ఆ తీర్పులో అడిగిన అసలు ప్రశ్న, ఖర్చు ఎవరు మోస్తున్నారన్నది, పక్కకు పోయింది. ఆ తరవాత చర్చంతా అలల నుంచి ఎన్ని మీటర్లు అన్న దూరం చుట్టూ తిరిగింది. వనామీ వచ్చి చెరువు సముద్రానికి యాభై కిలోమీటర్ల లోపలికి నడిచాక ఆ దూరానికి అర్థమే మిగల్లేదు.

ఇదంతా ఎగుమతి రొయ్యకే పట్టిన జాడ్యం, మనవాళ్లు తినే చేపకు ఈ దోషం లేదు అనుకునేవారున్నారు. కొల్లేరు చూస్తే ఆ మాట నిలవదు. బొచ్చె, శీలావతి చేపల సాగును ఏ లెక్కన చూసినా మెచ్చుకోవలసిందే. అవి మంచినీటిలో పెరుగుతాయి. వాటి ప్రధాన మేత నూనె తీసిన తవుడు, చెక్క. సముద్రంలో చేపను పట్టి పొడి చేసి మేపాల్సిన పని లేదు. ఐసు పెట్టెల్లో లారీకెక్కి అవి కోల్‌కతాకూ, గువాహటికీ వెళ్తాయి. అక్కడి సామాన్యుల పళ్లెంలో పడతాయి. సుస్థిరమైన ఆహారం ఏదని నిపుణుల్ని అడిగితే ఇలాంటి దాన్నే చూపిస్తారు. ఆ చేప కోసమే మనం కొల్లేటిని ముక్కలు చేశాం. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట సరస్సులో చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆ వెనక పెట్టుబడిదారులు వచ్చారు. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2001లో తీసిన ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే సరస్సు విస్తీర్ణంలో 42 శాతం చేపల చెరువులే. 2006లో గట్లు పేల్చారు. తరవాత కొన్నిచోట్ల మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పళ్లెంలా పట్టి, నెమ్మదిగా ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపడం కొల్లేరు పని. ఆ పళ్లెంలో గట్లు కట్టినప్పుడు చేప దిగుబడి టన్నుల్లో రాశారు. వరద నిలిచిన ఊళ్ల నష్టాన్ని వరద ఖాతాలో రాశారు. రెండు ఖాతాలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. మేత తవుడైనా, తినేవాడు బీదవాడైనా లెక్క గట్టు దగ్గర ఆగితే జరిగే హాని ఒక్కటే.

ఇక్కడ రైతు పక్షాన ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. వరి గిట్టి ఉంటే ఎవరైనా మాగాణిని తవ్వుకుంటారా? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, నీళ్లుండీ దాదాపు లక్ష ఎకరాల్లో నాట్లు వెయ్యలేదు. ధాన్యం ధర ఖర్చుకు చాలదు, మురుగు కాలువల పూడిక తియ్యరు, ముంపు వస్తే పరిహారం రాదు అన్నవి వాళ్లు చెప్పిన కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి విచారించింది. అన్నం పెట్టే రైతు తన పొలాన్నే బీడు పెట్టే స్థితికి వచ్చాడంటే, చెరువు ఆయనకు దురాశ కాదు, దారి. ఆ దారిని మూసెయ్యమని నేనడగను. అయితే ఆ రైతులు చెప్పిన కారణాల్లో మురుగు కాలువ ఒకటని గుర్తుంచుకోవాలి. పూడిన కాలువ వరిని ముంచింది, అదే కాలువ ఇవాళ రొయ్యకు రోగం మోస్తోంది. రెండు పంటల జబ్బూ ఒకేచోట ఉంది. దాన్ని బాగుచెయ్యకుండా పంట మార్చుకుంటూ పోతే రైతు ఒక అప్పులోంచి ఇంకో అప్పులోకి దిగుతాడు. చెరువు అప్పు వరి అప్పు కంటే చాలా పెద్దది.

రెండో అభ్యంతరం కొంచెం లోతైనది. వరి మాత్రం పవిత్రమా అని అడుగుతారు. నిలవ నీటిలో వరి మీథేన్ వదులుతుంది, యూరియా తాగుతుంది, తెలంగాణలో అయితే ఉచిత కరెంటుతో భూగర్భ జలాన్ని తోడిపోస్తుంది. అవన్నీ నిజాలు. వరికీ గట్టు దాటిన లెక్క ఉంది, దాన్నీ వెయ్యాల్సిందే. కాని ఈ రెండిటి మధ్య ఒక తేడా నాకు నిర్ణయాత్మకంగా కనిపిస్తుంది. వరి తప్పని తేలితే వచ్చే పంటకే దిద్దుకోవచ్చు. నీరు ఆరగట్టి తడపవచ్చు, రెండో పంటగా మినుము చల్లవచ్చు, యూరియా తగ్గించవచ్చు. నేల నేలలాగే ఉంటుంది. మూడడుగుల మన్ను తవ్వి గట్లుగా పోసి, ఏళ్ల తరబడి ఉప్పునీరు నిలిపిన చోట మళ్లీ నాటు వెయ్యాలంటే మన్ను పూడ్చాలి, ఉప్పు కడగాలి, కడగడానికి తీపి నీరు కావాలి, అందుకు ఏళ్లు పడుతుంది. కొత్త పద్ధతిని తూచేటప్పుడు దాని దిగుబడి ఎంత అన్నదాని పక్కనే, అది తప్పయితే వెనక్కి రావడానికి ఎంత ఖర్చు అన్నదీ రాయాలి. వెనక్కి రాలేని మార్పుకు అనుమతి ఇచ్చేటప్పుడు పది రెట్లు జాగ్రత్త పడాలి. మనం మాత్రం ఒక్కొక్క ఎకరానికీ విడిగా అర్జీ తీసుకుని, విడిగా సంతకం పెట్టి, ఊరి మొత్తాన్నీ వెనక్కి రాలేని చోటికి చేర్చాం.

ప్రపంచానికి మాంసకృత్తులు కావాలి గదా అన్నది మరో మాట. ఎవరి ప్రపంచానికి అన్నది చూడాలి. కిలో వనామీకి కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత కావాలి. ఆ మేతలో సోయా, చిన్న చేపల్ని ఎండబెట్టి కొట్టిన పొడి ఉంటాయి. మన రొయ్యకు అతిపెద్ద గిరాకీ అమెరికాది. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ నేరుగా భీమవరం చెరువు గట్టు మీద ధరకు తగిలింది. ఒక్క కొనుగోలుదారు దేశం మనసు మార్చుకుంటే కుప్పకూలే సాగును ఆహార భద్రత అనడానికి నా నోరు రాదు. అటు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. రొయ్యలు తింటే అది పోతుందని నేను చెప్పడం లేదు. వరి మడుల్లో, పిల్లకాలువల్లో ఒకప్పుడు ఉచితంగా దొరికిన పరిగెలు, జెల్లలు, చిన్నాచితకా చేపలు ముల్లుతో సహా తినే తిండి. వాటిలో సున్నం, ఇనుము, ఎ విటమిన్ ఉండేవి. అవి ఏ ఉత్పత్తి పట్టికలోనూ లేవు కాబట్టి పోయినప్పుడు కూడా ఏ పట్టికలోనూ తగ్గలేదు. ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి పోషకాహార శాస్త్రవేత్త శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది సరిగ్గా ఈ చిన్న చేపల మీద చేసిన పనికే. బంగ్లాదేశ్‌లో ఆమె బొచ్చె, శీలావతి లాంటి పెద్ద చేపల చెరువుల్లోనే మోలా అనే చిన్న చేపను కలిపి పెంచవచ్చని, పెద్ద చేప దిగుబడి తగ్గకుండానే ఇంటిల్లిపాదికీ పోషణ పెరుగుతుందని చూపించారు. కొత్త పద్ధతులంటే నాకు విముఖత లేదు. టన్నులు కాక పళ్లెంలో పడ్డ పోషణను కొలిస్తే ఇలాంటి ఆవిష్కరణలే పుడతాయి.

వరి, రొయ్య ఒకే నేలలో నడిచే కేరళ పొక్కాలి పొలాల్ని కూడా చెప్పుకోవాలి. ఎర్ణాకుళం, అలప్పుళ ప్రాంతాల్లో సముద్రపు పోటు వచ్చే పల్లపు నేలల్లో వానలు ఉప్పును కడిగాక జూన్ నుంచి అక్టోబరు దాకా పొడుగు వరి పండిస్తారు. కోత అయ్యాక పోటు నీటిని లోపలికి వదిలి రొయ్యలు పెంచుతారు. వరి దుబ్బులు కుళ్లి రొయ్యకు మేతవుతాయి, రొయ్య విసర్జన వరికి ఎరువవుతుంది. అందులోనూ ఇబ్బందులున్నాయి. దిగుబడి తక్కువ, బురదలో కోతకు కూలీలు దొరకరు, ఏడాది పొడవునా రొయ్యే వేస్తామని భూస్వాములు పట్టుబడతారు. అందుకే అక్కడి ప్రభుత్వం ఒక వరి, ఒక చేప అనే నియమం పెట్టాల్సి వచ్చింది. ఈ పద్ధతి మన ఆయకట్టుకు యథాతథంగా సరిపోదు, అక్కడి ఉప్పు పోటుతో వచ్చి వానతో పోతుంది, మన ఉప్పు బోరుతో వచ్చి ఉండిపోతుంది. కాని ఒక సంగతి అక్కడ నేర్చుకోవచ్చు. ఎప్పుడు ఉప్పునీరు రావాలి, ఎప్పుడు పోవాలి అన్నది పొలం యజమాని ఒక్కడూ తేల్చుకోడు, ఆ తూము మీద ఆధారపడ్డ పొలాలన్నీ కలిసి తేల్చుకుంటాయి.

అందుకని నేను కోరేది ఒక్క మార్పు. అనుమతికి, తనిఖీకి, రాయితీకి కొలమానం సర్వే నంబరు కాకుండా మురుగు కాలువ కావాలి. ఒక కాలువ మీద ఆధారపడ్డ చెరువులూ, చేలూ, ఊళ్లూ కలిపి ఒక యూనిట్. ఆ యూనిట్ ఎంత ఉప్పును, ఎంత మురుగును మొయ్యగలదో తేల్చాకే ఇంకో చెరువుకు సంతకం పెట్టాలి. ఐదు హెక్టార్ల లోపు వారికి విడిగా శుద్ధి చెరువు కట్టడం భారమే. పదిమంది కలిసి ఒకటి కట్టుకుంటే భారం కాదు, అందుకు ప్రభుత్వం చెయ్యి వెయ్యాలి. చెరువులకు యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చిన కరెంటు ప్రజల డబ్బే. ఆ రాయితీని కాలువ శుభ్రంగా ఉన్నంతకాలం ఆ కాలువ మీది రైతులందరికీ కలిపి ఇస్తే, రాత్రిపూట తూము ఎత్తే పొరుగువాణ్ణి ఆపడానికి ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు. దీనివల్ల కొన్ని చెరువులు ఎత్తెయ్యాల్సి వస్తుంది, కొందరి లీజు ఆదాయం పోతుంది. ఆ నష్టం లేదని చెప్పడం అబద్ధం. ఆ కొందరికి పరిహారం ఇవ్వాలి. ఇన్నాళ్లూ పరిహారం లేకుండా నష్టపోయింది చెరువుల మధ్య చిక్కిన చేను రైతు గనక ఆయన పేరు కూడా ఆ జాబితాలో ఉండాలి.

ఈ పని మొదలుపెట్టడానికి చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ వారాలన్నీ ఊళ్లు తాగేది ముందుగా నింపుకున్న మంచినీటి చెరువు నీళ్లే. ఉప్పదనం కొలిచే మీటరు రొయ్యల చెరువుల ఊరిలో పదిమంది దగ్గరైనా ఉంటుంది. అదే మీటరును ఊరి మంచినీటి చెరువులో, మురుగు కాలువ మలుపులో, రెండు చెరువుల మధ్య మిగిలిన వరి మడిలో ముంచి, వచ్చిన అంకెల్ని తేదీ వేసి పంచాయతీ గోడ మీద రాయవచ్చు. మే నెలలో ఒకసారి, కాలువలు వదిలాక జూలైలో ఒకసారి, పట్టుబడులు అయిపోయి చెరువులు ఖాళీ చేసిన వారంలో ఇంకోసారి.